గొడుగు మాస్టారూ, చెమట మాస్టారూ

మోసెస్ మీద మాగ్డలీన్‌కి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యడు. తాగడు, పేకాడడు, ఆదివారం ప్రార్థన మానడు. భార్యలు మామూలుగా చెప్పుకునే లోపం ఒక్కటైనా ఉండి ఉంటే ఆవిడ కూడా కుళాయి దగ్గర నలుగురితో కలిసి హాయిగా చెప్పుకునేది. తప్పే చెయ్యని మొగుడితో పదకొండేళ్లు కాపురం చెయ్యడం ఎంత కష్టమో చెప్పినా ఎవరికి అర్థమవుతుంది?

పోయిన ఏడాది కౌలాలంపూర్ చూపిస్తానని చెప్పి క్లాంగ్ స్టేషన్లో ఎదురుదిక్కు రైలు ఎక్కించాడు. పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో పట్టాలు అయిపోయి ఎదురుగా సముద్రం కనిపించాక, ఓడలు చూపిద్దామనే తెచ్చానన్నాడు. ఇంకోసారి టీలో పంచదార అనుకుని ఉప్పు వేసుకున్నాడు. మొహం చిట్లించకుండా కప్పు ఖాళీ చేసి, ఎండ దేశాల్లో డాక్టర్లు ఇలాగే తాగమంటున్నారని చెప్పాడు. ఆ తరవాత వారం రోజులు అలాగే తాగాడు కూడా.

అలాంటి మనిషికి బాస్కెట్‌బాల్ మీద ఒక అభిప్రాయం ఏర్పడింది.

అది 1934. మోసెస్ క్లాంగ్ పక్కన ఒక రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. రోజూ తెల్లవారుతూనే మూడువందల మంది కూలీల్ని వరసగా నిలబెట్టి, గొంతెత్తి పేర్లు పిలిచి, హాజరు వేసుకోవడం ఆయన మొదటి పని. ఏళ్ల తరబడి అదే పని చెయ్యడంతో మెల్లగా మాట్లాడడం ఆయనకి చేతకాకుండా పోయింది. ఉప్పు అందుకోమని భార్యని అడిగితే పక్క వరస ఇళ్లలో ఇద్దరు ఉప్పు తెచ్చేవాళ్లు.

నది అవతల మిషన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో నలుగురు ఈ ఎస్టేటు తెలుగు కుర్రాళ్లే. అందుకని శనివారం మ్యాచ్ ఉందంటే ఎస్టేటు సగం నడిచి మైదానానికి వెళ్లేది. ఏడేళ్లపాటు వాళ్లు వెళ్లింది నిజానికి ఆట చూడడానికి కాదు, వీరాస్వామి మాస్టారిని చూడడానికి. ఆయన కాలేజీ డ్రిల్లు మాస్టారు. మీసాలు, తెల్ల కోటు, నల్ల గొడుగు. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, గొడుగు కొన ఎటు చూపిస్తే అటు పరిగెత్తమని కుర్రాళ్లని తండ్రి పేరు, తాత పేరు కలిపి తిట్టేవారు. బంతిని ఏనాడూ ముట్టుకుని ఎరగరు. జట్టు గెలుస్తూనే ఉండేది. అరవయ్యో ఏడు రాగానే ఆయన కౌలా సెలంగోర్‌లో అల్లుడి కొబ్బరితోటకి వెళ్లిపోయారు.

ఆ చోటికి వచ్చినవాడు జార్జ్, మాగ్డలీన్ తమ్ముడు. సింగపూర్‌లో ఆరు నెలలు ఈ ఆటే నేర్చుకుని వచ్చాడు. సాయంత్రం నిక్కరు వేసుకుని కుర్రాళ్లతో పాటు మైదానంలోకి దిగుతాడు. బంతి ఎలా పట్టుకోవాలో పట్టుకుని చూపిస్తాడు, ఎలా వెయ్యాలో వేసి చూపిస్తాడు. చెమట కక్కుకుంటూ వాళ్ల పక్కనే గడ్డి మీద కూలబడి నీళ్లు తాగుతాడు. తీరా మ్యాచ్ రోజున మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని ఒక్క మాట లేకుండా నిలబడతాడు.

ఎస్టేటు జనానికి అది మింగుడుపడలేదు. వాళ్లు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసిన పెత్తనం ఒక్కటే, కంగాణిది. కూలీల మీద పెద్ద అయిన కంగాణి గొడుగు పట్టుకుంటాడు, అరుస్తాడు, చచ్చినా రబ్బరు చెట్టు గీసే కత్తి ముట్టుకోడు. ముట్టుకున్న రోజున వాడు కంగాణి కాదు. ఆ కొలబద్దతో కొలిస్తే జార్జ్ ఏమవుతాడో వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట మొదట అన్నవాడు కూర్మయ్య. ఆయన స్వయంగా కంగాణి, పైగా ఇరవయ్యేళ్లుగా ఏ పనీ చెయ్యకుండా పేరు తెచ్చుకున్నవాడు. ఆ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించేవాడు.

"కంగాణే కత్తి ఎత్తి సెట్టు గీసీసినాడనుకో, ఇంక కూలోల్లకి ఆడంటే బయ్యం ఏటుంటాది లా? ఆ జార్జి బాబు పని అలాగే ఉన్నాది."

ఉడికించిన వేరుసెనక్కాయలు అమ్మే నూకమ్మకి మ్యాచ్ జరిగితేనే బేరం. అయినా ఆవిడ కూడా కొత్త కోచ్‌ని మెచ్చుకోలేకపోయింది. పాత మాస్టారి తిట్లు వినడానికి వచ్చిన జనం ఇంకో పొట్లం కొనుక్కుని మరీ వినేవారట. ఈయన కుర్రాళ్లని శభాష్ అంటాడట. శభాష్ వింటూ శెనక్కాయలు ఎవరు తింటారని ఆవిడ బాధ.

జార్జ్ వచ్చాక జట్టు అయిదు ఆటలాడింది. మూడు గెలిచింది, రెండు ఓడింది. గెలిచిన మూడూ వీరాస్వామి మాస్టారి ఖాతాలోకే పోయాయి. ఆయన ఏడేళ్లు తిట్టిన తిట్లు కుర్రాళ్ల ఒంట్లో ఇంకా మిగిలి ఉన్నాయని, ఆ నిలవ అయిపోతే ఇక అంతేనని మోసెస్ తేల్చాడు. ఓడిన రెండూ జార్జ్‌వి. ఓడిన రెండో ఆటలో జోరున వాన కురిసి సగం మంది జారిపడ్డారు. గొడుగున్న కోచ్ అయితే అలా జరిగేదా అని కూర్మయ్య అడిగాడు.

జార్జ్ ఒకరోజు బావగారికి నచ్చచెప్పబోయాడు. ఆట నడుస్తున్నప్పుడు కోచ్ గానీ, జట్టు బెంచీ మీద కూర్చున్నవాళ్లు గానీ నోరెత్తకూడదని రూలుందని, ఎత్తితే ఒకసారి హెచ్చరిస్తారని, ఆ తరవాత నోరెత్తినప్పుడల్లా అవతలి జట్టుకి అడ్డు లేకుండా బుట్టలో వేసుకునే ఒక ఉచిత బంతి ఇస్తారని చెప్పి, అచ్చేసిన పుస్తకం తెరిచి చూపించాడు.

మోసెస్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ మొత్తం చదివాడు.

"కోచ్ నోరు మూసుకోవాలని రూలా? అలాగైతే కోచ్ ఎందుకురా, బొమ్మని నిలబెట్టుకోవచ్చు గదా."

"సెప్పేదంతా ముందే సెప్పాలి బావా. ఆట మొదలయ్యాక ఆడే గుంటలే ఆలోసించుకోవాలి. అదే ఆట."

"ఇది అమెరికాలో అచ్చేసిన పుస్తకం. అక్కడి పిల్లలు చెప్పకపోయినా వింటారు కాబోలు. మన ఎస్టేటు పిల్లలకి ఇది వర్తించదు."

ఇక్కడితో ఆగి ఉంటే మాగ్డలీన్ కూడా నవ్వుకుని ఊరుకునేది. కానీ మోసెస్ చేతిరాత చాలా అందంగా ఉంటుంది. అందమైన చేతిరాత ఉన్నవాళ్లు ఊరికే కూర్చోలేరు. కాలేజీ ప్రిన్సిపాల్ దొరగారికి రెండు పేజీల అర్జీ రాశాడు. కొత్త కోచ్ బహిరంగంగా చెమటలు కక్కుతున్నాడని, మోకాళ్లు కనిపించేలా తిరుగుతున్నాడని, ఎండలో గాని వానలో గాని గొడుగు వాడడని, మ్యాచ్ సమయంలో అనుమానాస్పదంగా మౌనం పాటిస్తున్నాడని రాశాడు. వీరాస్వామి మాస్టారిని వెనక్కి పిలిపించమని మనవి. కింద నలభై రెండు వేలిముద్రలు.

జార్జ్ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది చూసి చెబుతామని ప్రిన్సిపాల్ అన్నాడు. ఆ ఏడాది ఈ నెలాఖరుతో సరి. ఆయనకి క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు గనక, నలభై రెండు వేలిముద్రలు చూస్తే ఏ పక్కకి మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. ఇటు ఎస్టేటులో రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగదికి మనిషి కావాలని మేనేజరు అప్పుడే రెండుసార్లు జార్జ్ పేరెత్తాడు. వాళ్ల నాన్న ఇరవై రెండేళ్లు ఆ పొగగదిలోనే పనిచేశాడు. దగ్గుతూనే పోయాడు. తమ్ముడు ఆ గుమ్మం తొక్కకూడదని మాగ్డలీన్ ఆరో తరగతిలో తన చదువు ఆపేసి, కుట్టుపని చేసి వాణ్ణి చదివించింది. ఆ సంగతి మోసెస్‌కి తెలుసు. తెలిసే అర్జీ రాశాడు. తనది బంధుప్రీతికి లొంగని స్వభావమని ఆ రోజు భోజనాల దగ్గర చెప్పుకున్నాడు కూడా.

మాగ్డలీన్ రెండు మధ్యాహ్నాలు వంటింట్లో కూర్చుని జార్జ్ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. మూడో రోజు చారు వడ్డిస్తూ, ఉత్త కాగితం చూసి దొరగారికి ఏం తెలుస్తుందండీ అంది. మాస్టారికి వీడ్కోలు మ్యాచ్ కూడా పెట్టలేదు గదా, ఆ వంకన ఒక్క శనివారం ఆయన్ని పిలిపించి కుర్చీలో కూర్చోబెడితే దొరగారే కళ్లారా చూస్తారు గదా అంది.

మోసెస్ నమలడం ఆపాడు. సాయంత్రానికల్లా ఆ ఆలోచన ఆయనదే అయిపోయింది.

ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడు. పోర్ట్ స్వెట్టెన్‌హామ్ చీనా స్కూలు జట్టుతో మ్యాచ్, ఆ రోజు మాస్టారే కోచ్. ఆట అయ్యాక అర్జీ తీసుకుని ఆలోచిస్తానన్నాడు. సంగతి తెలిసి జార్జ్ ఒకటే పరుగున అక్క దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నువ్వు నా ఏపా, ఆల్ల ఏపా?"

"నాను వంటింటి ఏపు. అన్నం సల్లారిపోతంది, కూకోని తిను."

జార్జ్ తిన్నాడు గానీ ఏం తిన్నాడో వాడికి తెలియలేదు.

శనివారం పొద్దున కౌలా సెలంగోర్ బస్సు దిగిన వీరాస్వామి మాస్టారికి మీసాలున్నాయి, కోటుంది, గొడుగుంది. గొంతు లేదు. దారంతా ఎదురుగాలి కొట్టి పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే తలుపు కిర్రుమన్నట్టు ఉంది. మోసెస్ తల పట్టుకున్నాడు. మాగ్డలీన్ మాత్రం ఏ కంగారూ లేకుండా మిరియాలు, శొంఠి దంచి, కొబ్బరి బెల్లం వేసి కషాయం కాచింది. తమ్ముడి కొంప ముంచే గొంతుకి తనే వైద్యం చేస్తోందని ఇరుగుపొరుగు ఆవిడ మంచితనానికి ముక్కున వేలేసుకున్నారు.

రెండో గ్లాసుకి మాస్టారికి మాట వచ్చింది.

"నీ తమ్ముడి పోస్టు ఊడగొట్టడానికి నన్ను తెచ్చినారంట. నువ్వేటమ్మా, నాకే మందిత్తన్నావు?"

"ఆటంతా మీ గొంతు మీదే ఉన్నాదంట మాస్టారూ."

ఆయన మీసాలకి అంటిన కషాయం తుడుచుకున్నారు. "నాకు ఆటేటి తెలుసమ్మా? డ్రిల్లు తెలుసు. నాను అరిసేవోడిని, గుంటలు ఆల్లకి తోసినట్టు ఆడుకునేవోరు. ఈలేసేది పాదర్ గారు గదా, ఆయనకి రెండు సెవులూ ఇనపడవు. నా మాట ఆ మైదానంలో ఎవుడూ ఇన్నేదు."

ఆ మిషన్ ఫాదర్ గారు పోయిన ఏడాదే స్వదేశం వెళ్లిపోయారు. ఇప్పుడు ఈల వేసేది కౌలాలంపూర్ నుంచి వచ్చే అంపైర్. ఆ మాట ఆయనకి చెప్పాలని మాగ్డలీన్‌కి ఒక్క క్షణం అనిపించింది. ముసలాయన మంచివాడు. ఆవిడ నాలుక దాకా వచ్చిన మాటని మింగేసి, మూడో గ్లాసులో బెల్లం కాస్త ఎక్కువ వేసింది.

మైదానంలో ఇసక వేస్తే రాలనంత జనం. మాస్టారు కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నారు. పక్కనే జట్టు బెంచీ మీద మోసెస్, మాస్టారి గొడుగు పట్టుకుని. కోటు జేబులోంచి అర్జీ మూల పైకి కనిపిస్తోంది. కషాయం కూజాతో మాగ్డలీన్ సరిగ్గా వాళ్ల వెనకే చాప మీద కూర్చుంది. ఎడమ పక్క కుర్చీలో ప్రిన్సిపాల్ దొర. జార్జ్ మాత్రం అవతలి వైపు మురుగుకాలవ దగ్గర ఒంటరిగా నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

అంపైర్ సన్నగా, తెల్ల ప్యాంటు వేసుకున్న చీనా ఆయన. చెవులు రెండూ బాగానే పనిచేస్తున్నట్టు కనిపించాయి.

ఆట మొదలైంది. మాస్టారు లేచి గొడుగు అందుకుని, మూడు గ్లాసుల కషాయం బలంతో ఒక్క కేక వేశారు. నది మీద కొంగలు లేచాయి. అంపైర్ ఈల వేసి, ఆట ఆపి, మాస్టారి ముందుకు వచ్చి కొంచెం వంగి మర్యాదగా ఏదో చెప్పి వెళ్లాడు.

జనం పొంగిపోయారు. దొరల రాజ్యంలో ఆట ఆపి మరీ సలాము చేశారంటే మాస్టారు సామాన్యుడు కాదని కూర్మయ్య అందరికీ వివరించాడు.

రెండో కేకకి మళ్లీ ఈల. ఈసారి అవతలి జట్టు కుర్రాడొకడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా, తీరుబడిగా బంతి బుట్టలో వేసుకున్నాడు. మన కుర్రాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

"పాపం, సిన్న గుంటలు, ఊరికే ఒకటేసుకోనిమ్మన్నారు," అంది నూకమ్మ. "మన మాస్టారిది సెయ్యి పెద్దది లా."

సగం ఆట అయ్యేసరికి ఆ పెద్ద చెయ్యి అయిదుసార్లు దానం చేసింది. విరామంలో మాస్టారు మెల్లగా అడిగారు, తను అరిచినప్పుడల్లా ఆ మనిషి ఈల వేస్తున్నాడేమిటని. కాకతాళీయం అన్నాడు మోసెస్. కానీ ఆ మాట మామూలు కంటే చిన్న గొంతుతో వచ్చిందని వెనక కూర్చున్న మాగ్డలీన్ గమనించింది.

విరామం అయ్యాక ఇంకో మూడు కేకలు, మూడు ఈలలు, మూడు ఉచిత బంతులు. ఇంక అంపైర్ ఓపిక నశించి, ఇంగ్లీషు వచ్చినవాడిలా కనిపించిన మోసెస్ దగ్గరికి వచ్చి, జేబులోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి చేతిలో పెట్టాడు. అదే పుస్తకం. అదే పేజీ. ఇది మాత్రం అమెరికాలో కాదు, సింగపూర్‌లో అచ్చయింది.

మోసెస్ చదివాడు. పెదవులు కదిలాయి. చెవులు ఎర్రబడ్డాయి. పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో పట్టాల చివర సముద్రం కనిపించినప్పుడు కూడా ఆ చెవులు అలాగే అయ్యాయని మాగ్డలీన్‌కి గుర్తొచ్చింది. ఇప్పుడు ఏ ఓడలు చూపిస్తాడా అని ఎదురుచూసింది.

ఆయన ఏమీ చూపించలేదు. పుస్తకం తిరిగి ఇచ్చేసి, ఇంకో కేకకి ఊపిరి పీల్చుకుంటున్న మాస్టారి చేతిలో గొడుగు లాక్కుని, ఆయన మొహం ముందు ఠపీమని విప్పాడు. కేక గొడుగు లోపలే ఆగిపోయింది.

అక్కణ్ణుంచి మైదానం మీద బంతి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బంతి అందించుకున్నారు, మాట లేకుండా, అల్లిక పని చేస్తున్నట్టు. ఎనిమిది పాయింట్లు దానం చేసి కూడా వాళ్లు అందుకున్నారు, దాటారు. పంతొమ్మిది, పద్దెనిమిది. ఒక్క నిమిషం ఆట మిగిలింది. మాస్టారు గొడుగు అంచు మీంచి తొంగి చూస్తున్నారు.

"మోసెస్ బాబూ," అన్నారు గుసగుసగా, "ఈ గుంటలకి ఇది నేర్పినోడెవుడో గాని, ఆడు నాకంటే మొనగాడు. ఏడేల్లలో నా గుంటలు ఇలాగ ఒక్క పాలి ఆడనేదు."

మోసెస్ మురుగుకాలవ వైపు చూశాడు. జార్జ్ పళ్లు బిగించి, నోరు మూసుకుని, మొహం అంతా చెమటతో నిలబడి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ దొర టీ వేళ అవుతోందని గడియారం చూసుకుని, ఆ కాగితమేదో ఇప్పుడే ఇచ్చెయ్యమని చెయ్యి చాచాడు.

మోసెస్ చెయ్యి జేబులోకి వెళ్లింది. మాగ్డలీన్ ఒళ్లో కూజాని గట్టిగా పట్టుకుంది. ఆయన అర్జీ బయటికి తీశాడు. తన అందమైన అక్షరాల్ని ఒకసారి చూసుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులోకి తోసేసి, బెంచీ మీంచి లేచి, వేలిముద్రలు వేసిన నలభై రెండు మంది వైపు తిరిగాడు. తెల్లవారుజామున మూడువందల మందిని లేపే గొంతు అది, వేరే గొంతు ఆయన దగ్గర లేదు.

"అర్జీ రాసింది నేను. తప్పు నాదే. జార్జ్ చెప్పిందే నిజం."

ఈల మోగింది.

అంపైర్‌కి తెలుగు రాదు. బెంచీ మీది మనిషి అంత గట్టిగా అరిచాడంటే జట్టుకి ఎత్తు చెబుతున్నాడనే లెక్క. చీనా కుర్రాడు గీత దగ్గరికి వచ్చి తీరుబడిగా బంతి వేశాడు. పంతొమ్మిది, పంతొమ్మిది. పెళ్లయిన పదకొండేళ్లకి మొదటిసారి తప్పు ఒప్పుకుంటే దానికి ఒక పాయింటు పోయింది. అవతల జార్జ్ వంగి మోకాళ్లు పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఇంత దూరానికి తెలియలేదు.

ప్రిన్సిపాల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆయన ఏమన్నాడని అడిగాడు. ఆయనకీ తెలుగు రాదు.

మాగ్డలీన్ ముందుకు వంగి మొగుడితో, దొరగారి చెవి దగ్గరికెళ్లి మెల్లగా చెప్పండి అంది. మెల్లగా మాట్లాడడం ఈయనకి చేతకాదని ఆవిడ కంటే ఎవరికి బాగా తెలుసు? పోతే ఇంకో పాయింటు పోతుంది, పోనీ అనుకుంది.

మోసెస్ అంపైర్ వైపు చూశాడు. అంపైర్ ఈల పెదాల మధ్య పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మోసెస్ కోటు గుండీ పెట్టుకుని, దొర చెవి దగ్గరికి వంగి, ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"సర్, ఐ వజ్ రాంగ్."